టేపు పట్టుకుని మొదలుపెట్టండి

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా విభాగంలో ఇరవై ముగ్గురు అధ్యాపకులం ఉంటే మహిళలం ముగ్గురమే. గత నెలలో మా విభాగాధిపతి పిలిచి, సమన్యాయం, వైవిధ్యం, అందరినీ కలుపుకోవడం అనే అంశాల మీద ఒక కమిటీ వేస్తున్నామనీ, దానికి నన్ను కన్వీనర్‌గా ఉండమనీ అన్నారు. నేనే ఎందుకని అడిగితే "మీరైతేనే బాగుంటుంది" అన్నారు. మొదటి సమావేశంలో వచ్చిన సూచనలు రెండే: నడవాలో పోస్టర్లు అంటించడం, ఏడాదికి ఒకరోజు సభ పెట్టడం. అంతకు మించి ఏదైనా చేయాలని నేను అనగానే, నేను ఎంతో గౌరవించే ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు "సైన్సుకు ప్రతిభ తప్ప మరొకటి తెలియదు. మనం ఎవరినీ ఆపడం లేదు కదా" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. అందుకే ఏం చెప్పాలో తోచలేదు.

నా మనసులో ఉన్నది వేరే విషయం. మూడు నెలల కిందట ఒక పరిశోధక విద్యార్థిని రెండో ఏడాది మధ్యలో మానేసి వెళ్లిపోయింది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. చాలా తెలివైన పిల్ల. ఎందుకమ్మా అని అడిగితే "ఇది నాకు సరిపడే చోటు కాదు మేడమ్" అని మాత్రం అంది. ఆమె నా దగ్గర పనిచేసే విద్యార్థిని కాదు కాబట్టి గుచ్చి గుచ్చి అడగలేకపోయాను. ఇప్పుడు కమిటీ పేరు వింటే ఆమె ముఖమే కళ్లముందు కదులుతోంది. ఒక్క ఏడాదిలో ఏదైనా నిజంగా మారేలా చేయగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

— ఒక అధ్యాపకురాలు

సమాధానం: ఆ అమ్మాయి అన్న మాటతోనే మొదలుపెడతాను. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబుల్లో గడిపినవాణ్ని. "ఇది నాకు సరిపడే చోటు కాదు" అన్న మాటను చాలామంది నోట విన్నాను. అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఫలానావారు నన్ను వెళ్లగొట్టారని చెప్పలేదు. లోపం తమలోనే ఉందనుకుని తలవంచుకుని వెళ్లిపోయారు. మీ ప్రొఫెసర్ గారు "మనం ఎవరినీ ఆపడం లేదు" అంటున్నారు. నిజమే, తలుపు దగ్గర ఎవరూ అడ్డంగా నిలబడరు. కానీ లోపల ఎలా మసలాలో ఎక్కడా రాసి ఉండదు. ఏ పరికరానికి ఎవరిని అడగాలి, ఏ ఫెలోషిప్పుకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి, గైడు కసిరితే అది ఆయన స్వభావమా మన తప్పా, ఏ పని మన పరిశోధన, ఏ పని వెట్టి. ఇంట్లో చదువుకున్నవాళ్లో, తెలిసిన సీనియర్లో ఉన్నవాళ్లకు ఇవన్నీ ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. లేనివాళ్లు తెలియక తడబడతారు. ఆ తడబాటునే తమ అర్హతకు కొలతగా తీసుకుంటారు.

కాబట్టి నా సలహా మొత్తం ఒకే దారిలో సాగుతుంది. మీ విభాగంలో రాతలో లేకుండా నడుస్తున్న పద్ధతులను ఒక్కొక్కటిగా వెతకండి, కొలవండి, కాగితం మీద పెట్టించండి. సహోద్యోగుల మనసులు మార్చే భారం ఇప్పుడే నెత్తిన వేసుకోవద్దు.

అంతకన్నా ముందు మీ గురించి ఒక మాట. "మీరైతేనే బాగుంటుంది" అన్నదాని అర్థం మీకూ తెలుసు, నాకూ తెలుసు. ముగ్గురు మహిళలున్న చోట ప్రతి కమిటీకీ ఒక మహిళ కావాలంటే ఆ ముగ్గురి సాయంత్రాలే కరిగిపోతాయి. వేరే రకంగా అల్పసంఖ్యలో ఉన్నవారి పరిస్థితీ ఇదే. అమాడో పడిల్లా అనే విద్యావేత్త 1994లో దీనికి "సాంస్కృతిక పన్ను" అని పేరు పెట్టారు. మంచి పేరు అది. పన్ను కట్టేవారు పత్రాలు తక్కువ రాస్తారు, పదోన్నతి వేళకు వెనకబడతారు. అప్పుడు వాళ్లను వెనక్కి నెట్టింది సమానత్వం కోసం వేసిన కమిటీయే అవుతుంది. అందుకని విభాగాధిపతి దగ్గరకు వెళ్లి, పని ముందుకు సాగకముందే కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఏడాదిపాటు ఒక కోర్సు బోధన తగ్గించాలి. విభాగం లెక్కలన్నీ చూసే అధికారం ఇవ్వాలి. కమిటీ ఇచ్చే సూచనలను అధ్యాపకుల సమావేశంలో ఓటుకు పెట్టాలి. మీతో పాటు ఒక సీనియర్ పురుష అధ్యాపకుడు సహ కన్వీనర్‌గా ఉండాలి. వీలైతే ఆ "ప్రతిభ" ప్రొఫెసర్ గారినే కోరండి. నేను గంభీరంగానే చెబుతున్నాను, ఎందుకో ముందుముందు మీకే అర్థమవుతుంది. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఇవ్వం అని అంటే కమిటీ నుంచి వినయంగా తప్పుకోండి. అధికారం లేని కమిటీలో మీరు అరిగిపోవడం తప్ప ఎవరికీ మేలు జరగదు.

ఇక కొలత. 1990ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ అనే ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త జీబ్రా చేపల మీద పరిశోధన మొదలుపెట్టారు. చేపల తొట్లు పెట్టుకోవడానికి మరో 200 చదరపు అడుగుల చోటు కావాలన్నారు. దొరకలేదు. తన ల్యాబు ఇతరుల ల్యాబుల కంటే చిన్నదని చెప్పినా ఎవరూ నమ్మలేదు. అప్పుడామె కొలత టేపు పట్టుకుని, ఎవరూ లేని వేళల్లో భవనంలోని ల్యాబులన్నీ కొలుచుకుంటూ వెళ్లారు. తనతో సమాన హోదా ఉన్న పురుషుల కంటే తన చోటు బాగా తక్కువని తేలింది. ఆ తరువాత తోటి మహిళా ప్రొఫెసర్లతో మాట్లాడితే, ఇన్నేళ్లుగా ప్రతి ఒక్కరూ అది తన ఒక్కదాని సమస్యే అనుకుంటున్నారని తెలిసింది. 1994లో వారంతా కలిసి డీన్‌కు లేఖ రాశారు. ఒక కమిటీ వేసి జీతాలు, స్థలం, పరిశోధన నిధులు, పురస్కారాలు అన్నీ లెక్క తీయించారు. 1999లో ఆ నివేదికను బయటపెట్టినప్పుడు అప్పటి అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్, వివక్ష అనేది కొంత వాస్తవం, కొంత భావన అని తాను అనుకునేవాడిననీ, అందులో వాస్తవం పాలే చాలా ఎక్కువని ఇప్పుడు అర్థమైందనీ ముందుమాటలో రాశారు. అంతటి సంస్థ అధ్యక్షుడి చేత ఆ మాట రాయించింది కొలతలే. అంతకుముందు ఆమె నోటిమాటగా చెప్పినదీ అదే, ఎవరూ వినలేదు.

మీ విభాగంలో ఏం కొలవాలి? చదరపు అడుగులతోనే మొదలుపెట్టండి. ఎవరి విద్యార్థికి ఎంత బల్ల, ఎవరికి ఫ్యూమ్ హుడ్ (హానికర వాయువులను బయటకు లాగే గూడు) సొంతంగా ఉంది, ఎవరు నలుగురితో పంచుకుంటున్నారు. అణువుల నిర్మాణం తెలుసుకునే ఎన్‌ఎంఆర్ యంత్రం బుకింగ్ పుస్తకం తీసి చూడండి. పగటి గంటలు ఏ పరిశోధన గుంపులకు పోతున్నాయి, అర్ధరాత్రి గంటలు ఎవరికి మిగులుతున్నాయి. సదస్సులకు వెళ్లడానికి నిధులు ఎవరికి అందాయి. గత ఐదేళ్ల సెమినార్ వక్తల జాబితా. నూట యాభై మంది కూర్చునే మొదటి సంవత్సరం తరగతులు ఎవరి నెత్తిన పడుతున్నాయి, ఆరుగురు కూర్చునే ప్రత్యేక కోర్సులు ఎవరు చెబుతున్నారు. పురస్కారాలకు ఎవరి పేర్లు పంపారు. అన్నింటికన్నా ముఖ్యంగా పరిశోధక విద్యార్థులు ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఏ దశలో మానేశారు, పూర్తిచేసినవారికి ఎన్నేళ్లు పట్టింది. ఇవన్నీ ఆఫీసు బీరువాల్లో ఇప్పటికే ఉంటాయి. ఎవరూ ఒకచోట పేర్చి చూసి ఉండరు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చిన్న విభాగంలో అంకెలు మనుషుల్ని పట్టిచ్చేస్తాయి. "ఫలానా వర్గం నుంచి వచ్చిన విద్యార్థినుల్లో ఒకరు మానేశారు" అని రాస్తే అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడి ఏదీ నివేదికలో విడిగా కనిపించకూడదు. ఏళ్లు కలిపి చూపించండి, లేదా వర్గాలు కలిపి చూపించండి.

లెక్కల్లో పట్టుబడని విషయాలూ ఉంటాయి. నేను చేసిన తప్పే చెబుతాను. ఒకసారి ఒక ఫెలోషిప్ సంగతి నాకు ముందుగా తెలిసింది. సాయంత్రం పని ముగిశాక నా గదిలో కూర్చుని మాట్లాడే ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు చెప్పాను. దరఖాస్తు చేసింది వాళ్లే, వాళ్లలో ఒకరికే వచ్చింది. ఎంపిక నిష్పక్షపాతంగా జరిగింది, నేను ఆ కమిటీలో కూడా లేను. ఏళ్ల తరువాత మరో విద్యార్థి కలిశాడు. చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని ఇంటికి డబ్బు పంపేవాడు. "గడువు దాటిపోయాక తెలిసింది సార్, అలాంటిది ఒకటి ఉందని" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను ఇంతవరకు వదల్లేదు. నేను ఎవరి పట్లా పక్షపాతం చూపలేదు, ఒకరి బతుకు మాత్రం మరోలా అయింది. ఆ వారం నుంచే ప్రతి అవకాశాన్నీ ఒకే బోర్డు మీద, ఒకే రోజున, అందరికీ మెయిల్‌తో పాటు పెట్టడం మొదలుపెట్టాను. అంత చిన్న పని. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మీ ప్రొఫెసర్ గారి మాట. ఆయనతో వాదించకండి. ప్రతిభకే చోటు దక్కాలన్నది మీ కోరిక కూడా కదా. "సార్, ప్రతిభను కొలిచే త్రాసును మనం ఎప్పుడైనా క్రమాంకనం చేశామా?" అని అడగండి. ప్రామాణిక బరువులతో సరిచూడని త్రాసు మీద తూచిన అంకెను ఏ రసాయనశాస్త్రవేత్తా పత్రంలో రాయడు.

ఆ సరిచూసే పని కొందరు చేశారు. స్వీడన్‌లో క్రిస్టీన్ వెనెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు, వైద్య పరిశోధన మండలి ఇచ్చే ఫెలోషిప్పుల మూల్యాంకన పత్రాలను చట్టప్రకారం పోరాడి సంపాదించారు. దరఖాస్తుదారుల ప్రచురణలనూ, వారికి పడిన మార్కులనూ పక్కపక్కన పెట్టారు. పురుషుడికి పడిన మార్కు పడాలంటే ఒక మహిళ సుమారు రెండున్నర రెట్ల ప్రచురణ బలం చూపించవలసి వస్తోందని 1997లో ప్రకటించారు. అందులో మరో సంగతీ బయటపడింది. ఎంపిక కమిటీలో ఎవరితోనైనా పరిచయ సంబంధం ఉన్న అభ్యర్థికి మార్కులు పెరిగాయి. సంబంధం ఉన్న సభ్యుడు ఆ అభ్యర్థి విషయంలో పక్కకు తప్పుకున్నా సరే, మిగతావారే ఆ లోటు పూడ్చారు. మీ ప్రొఫెసర్ గారికి ఈ రెండో సంగతిని మొదట చెప్పండి. పరిచయాలతో పనులు జరగడం ఆయనలాంటి నిజాయతీపరులకు నచ్చదు.

రెండో పరీక్ష మన రంగంలోనే జరిగింది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం బోధించే 127 మంది అమెరికన్ అధ్యాపకులకు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తు అంటూ ఒకే కాగితం పంపారు. సగంమందికి దాని మీద జాన్ అనే పేరు, సగంమందికి జెన్నిఫర్ అనే పేరు. అక్షరం తేడా లేని ఆ కాగితాన్ని చదివి జాన్‌కు ఏడాదికి సగటున 30,238 డాలర్లు, జెన్నిఫర్‌కు 26,508 డాలర్లు ఇవ్వవచ్చన్నారు. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు. ఈ తేడా చూపినవారిలో మహిళా అధ్యాపకులూ పురుషులతో సమానంగా ఉన్నారు. ఈ చివరి విషయం ఎంతో ముఖ్యం. ఇది ఎవరో కొందరు దుర్మార్గుల పని అయితే వాళ్లను గుర్తించి పక్కన పెట్టవచ్చు. మంచివారి కళ్లకే ఇలా కనిపిస్తున్నప్పుడు మార్చవలసింది చూసే పద్ధతిని.

పద్ధతి మార్చితే ఫలితం మారుతుందనడానికి హబుల్ టెలిస్కోపే రుజువు. దాన్ని వాడుకునే సమయం కోసం ప్రపంచమంతటి నుంచి ప్రతిపాదనలు వస్తాయి. 2018లో మొదటిసారిగా ప్రతిపాదకుల పేర్లు దాచి వాటిని పరిశీలించారు. అంతకుముందు లెక్క చూసిన ఏళ్లలో వెనకబడి ఉంటూ వచ్చిన మహిళల విజయ శాతం ఆ ఏడాది పురుషుల శాతాన్ని కొద్దిగా దాటింది. మీ విభాగంలో పేర్లు దాచడం అన్నిచోట్లా కుదరదు. కుదిరేవి చాలా ఉన్నాయి. దరఖాస్తులు తెరవకముందే దేనికి ఎన్ని మార్కులో రాసుకోండి. ప్రతి సభ్యుడూ విడిగా మార్కులు వేసి ఇచ్చాకే చర్చ మొదలవ్వాలి, లేకపోతే మొదట మాట్లాడిన పెద్దాయన మాటే అందరి మార్కూ అవుతుంది. ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో. సిఫార్సు లేఖలను జాగ్రత్తగా చదవండి. రసాయనశాస్త్ర ఉద్యోగాలకు వచ్చిన లేఖలనే తీసుకుని చేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. పురుషుల లేఖల్లో "అసాధారణం", "అద్వితీయం" వంటి మాటలు ఎక్కువగా కనిపించాయి. ఈ నియమాలను రాసే పని మీ ప్రొఫెసర్ గారికే అప్పగించండి. ప్రతిభ మీద ఆయనకున్న నిష్ఠ అంతా అప్పుడు మీకు బలమవుతుంది. సహ కన్వీనర్‌గా ఆయన్నే అడగమన్నది ఇందుకే.

ఇక్కడ జీవరసాయన శాస్త్రవేత్త కమలా సోహోనీ గుర్తుకు వస్తున్నారు. పట్టభద్ర పరీక్షల్లో విశ్వవిద్యాలయంలోనే ప్రథమంగా నిలిచి, 1933లో భారతీయ విజ్ఞాన సంస్థలో చేరడానికి వెళితే, మహిళ అన్న కారణంతో మొదట కాదన్నారు. ఆమె పట్టువదలకపోవడంతో ఏడాదిపాటు పరిశీలన మీద ఉంచుతామన్న షరతుతో చేర్చుకున్నారు. తోటి విద్యార్థులకు ఆ షరతు లేదు. ఆ తరువాత 1939లో ఆమె కేంబ్రిడ్జి నుంచి డాక్టరేట్ పొందారు. ఇప్పుడు అలాంటి షరతును ఎవరూ కాగితం మీద పెట్టరు. కానీ రాయని పరిశీలన కాలం కొందరి మీద ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. ల్యాబులో స్టాక్ రిజిస్టర్ ఎవరు రాస్తున్నారు, గాజు సామాను ఎవరు కడుగుతున్నారు, వచ్చిన అతిథికి టీ ఎవరు తెస్తున్నారు, కొత్త యంత్రం వచ్చినప్పుడు శిక్షణకు మొదట ఎవరిని పంపుతున్నారు అన్నది ఒక్క నెల గమనించండి. మానేసిన ఆ అమ్మాయి ఉన్న ఏడాదిన్నరలో ఏ పనులు చేసిందో కూడా అప్పుడు తెలుస్తుంది.

తరగతి గది గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే అధ్యాపకుల నియామకాలు ఏళ్లకు ఒకసారి వస్తాయి, తరగతి రేపు ఉదయమే ఉంటుంది. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీలో 2006 ప్రాంతంలో కంప్యూటర్ సైన్సు ముఖ్యాంశంగా తీసుకునేవారిలో అమ్మాయిలు పది శాతం ఉండేవారు. అక్కడి అధ్యాపకులు మొదటి కోర్సును రెండుగా విడగొట్టారు. ప్రోగ్రామింగ్ ముందే వచ్చినవాళ్లు ఒక తరగతిలో, రానివాళ్లు మరో తరగతిలో. తనకు అన్నీ తెలుసని చూపించుకుంటూ తరగతినంతా ఆక్రమించే విద్యార్థిని అధ్యాపకుడు విడిగా పిలిచి, "నీ ఉత్సాహం నాకు ఇష్టం, ఆ చర్చ మనిద్దరం తరగతి అయ్యాక చేసుకుందాం" అనేవారు. ఐదారేళ్లలో అమ్మాయిల వాటా సుమారు నలభై శాతానికి చేరింది. పాఠం స్థాయి తగ్గించలేదు. ముందే తెలిసి ఉండటం వేరు, తెలివి ఉండటం వేరు అన్న సంగతిని మాత్రం తరగతి ఏర్పాటులోనే చూపించారు.

దీనికి తోడు అదే కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితజ్ఞుడు చేసిన పని తెలుసుకోదగినది. 1970లలో అక్కడి కలన గణితం కోర్సులో నల్లజాతి విద్యార్థులు చాలామంది తప్పుతుండేవారు. వాళ్లకు పట్టుదల లేదనీ, పునాది లేదనీ అధ్యాపకులు తలా ఒక కారణం చెప్పేవారు. ట్రైస్‌మన్ విద్యార్థుల మధ్యకే వెళ్లి నెలల తరబడి గమనించారు. వాళ్లు ఎంతో కష్టపడి చదువుతున్నారు, కానీ ఒంటరిగా చదువుతున్నారు. బాగా రాణిస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు కలిసి కూర్చుని, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. అప్పుడాయన పెట్టింది వెనకబడినవారికి ప్రత్యేక తరగతి కాదు. మామూలు కంటే కఠినమైన లెక్కలు ఇచ్చి, గుంపులుగా కూర్చోబెట్టి చేయించే కార్యశాల. ఫలితాలు తలకిందులయ్యాయి. మీ విభాగంలో "బలహీన విద్యార్థుల"కు అదనపు తరగతి ఏదైనా ఉంటే దాని పేరు ఈ వారమే తీసేయండి. ఆ పేరున్న గదిలోకి అడుగుపెట్టడమే "ఇది నాకు సరిపడే చోటు కాదు" అన్న ఆలోచనకు తొలి మెట్టు. తరగతిలో ఉపన్యాసం తగ్గించి విద్యార్థుల చేత పని చేయిస్తే అందరికీ మేలని 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన తేల్చింది. వట్టి ఉపన్యాసాల తరగతుల్లో తప్పే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువ. వెనకబడిన నేపథ్యాల నుంచి వచ్చినవారికీ మిగతావారికీ మధ్య ఉన్న మార్కుల అంతరం కూడా ఇలాంటి బోధనతో తగ్గుతుందని 2020లో మరో సంకలన అధ్యయనం చెప్పింది.

ప్రయోగశాలలో మన కంటికి ఆనని మనుషులు ఇంకా ఉన్నారు. మీరు ఏటా చేయించే ఆమ్ల క్షార అంశమాపనాన్నే (టైట్రేషన్) తీసుకోండి. మిథైల్ ఆరెంజ్ అనే రంగు మారే సూచిక ఎరుపు నుంచి పసుపుకు మారే క్షణాన్ని కంటితో పట్టుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వర్ణాంధత పురుషుల్లో అరుదైన విషయం కాదు, కొన్ని జనాభాల్లో పన్నెండుగురిలో ఒకరికి ఉంటుంది. ఆ విద్యార్థి చెప్పుకోడు. పక్కవాడి బ్యూరెట్ చూసి అంకె వేస్తాడు, లేదా రసాయనశాస్త్రం తనకు రాదనుకుంటాడు. ఒక బల్ల మీద ఆమ్లత్వాన్ని అంకెలో చూపే పీహెచ్ మీటర్ పెట్టి, కావలసినవారు ఎవరైనా వాడుకోవచ్చని అందరికీ చెప్పండి. కారణం అడగకండి. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి అందే ఎత్తులో ఒక ఫ్యూమ్ హుడ్ ఉందా? చిన్న చేతులకు సరిపోయే గ్లౌజులు తెప్పిస్తున్నారా, లేక వదులు గ్లౌజుతో ఆమ్లం సీసా పట్టుకోమంటున్నారా? గర్భవతి అయిన పరిశోధకురాలు ద్రావణుల పని నుంచి కొంతకాలం తప్పుకోవాలంటే ఆమె గడువు, ఫెలోషిప్ ఏమవుతాయో ఎక్కడైనా రాసి ఉందా? ఆమె వచ్చి గైడును బతిమాలుకోవలసిన పరిస్థితి ఉంటే, నియమం లేనట్టే. 1907లో బెర్లిన్ వచ్చిన భౌతికశాస్త్రవేత్త లీజా మైట్నర్‌ను పై అంతస్తు ల్యాబుల్లోకి రానివ్వక, కింద వడ్రంగి పనిగదిలో ప్రయోగాలు చేసుకోమన్నారు. ఆ భవనంలో మహిళలకు మరుగుదొడ్డి కూడా లేదు. ఆమె తరువాత కేంద్రక విచ్ఛిత్తికి అర్థం చెప్పినవారిలో ఒకరయ్యారు. గోడలు, గొట్టాలు, బల్లల ఎత్తులు కూడా ఎవరు రావచ్చో నిర్ణయిస్తాయి. మీ భవనంలో ఒకసారి ఆ కళ్లతో నడవండి.

డబ్బు విషయం ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. "సదస్సుకు ముందు మీ డబ్బుతో వెళ్లి రండి, బిల్లులు పెడితే ఇచ్చేస్తాం" అనే పద్ధతి మీ విభాగంలో ఉంటే, అది డబ్బున్నవాళ్లను మాత్రమే సదస్సులకు పంపే పద్ధతి. ముందస్తు చెల్లింపుకు మార్పించండి. ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమైనప్పుడు ఎవరు తట్టుకోగలరో, ఎవరు మానేస్తారో కూడా ఆలోచించండి. ఖగోళశాస్త్రవేత్త జోసిలిన్ బెల్ బర్నెల్ విద్యార్థినిగా ఉండగా 1967లో పల్సార్లను (క్రమం తప్పకుండా రేడియో తరంగాలు వెలువరించే నక్షత్రాలను) కనిపెట్టారు. 1974 నోబెల్ ఆమెకు రాలేదు, ఆమె గైడుకు వచ్చింది. 2018లో తనకు వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని మొత్తంగా, భౌతికశాస్త్రంలో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థుల డాక్టరేట్ చదువుకు ఇచ్చేశారు. ఏది అడ్డమో లోపలినుంచి చూసిన మనిషి తన డబ్బును అక్కడే పెట్టారు.

గైడు, విద్యార్థి సంబంధం అన్నింటిలోకీ కష్టమైన చోటు. ఒక్క మనిషి చేతిలో విద్యార్థి డిగ్రీ, జీతం, సిఫార్సు, భవిష్యత్తు అన్నీ ఉంటాయి. ఆ మనిషి మంచివాడైతే సరే అనుకోవడం పద్ధతి కాదు. ప్రతి పరిశోధక విద్యార్థికీ వేరే గుంపు నుంచి ఒక రెండో సలహాదారు ఉండాలి. ఆరు నెలలకు ఒకసారి గైడు లేకుండా వాళ్లిద్దరూ కలవాలి, ఆ కలయిక అందరికీ తప్పనిసరి కావాలి. కొందరికే పెడితే ఫిర్యాదు ఉన్నవారే వెళ్తున్నారని తెలిసిపోతుంది. గైడును మార్చుకునే దారి ఏమిటో, పత్రంలో పేర్ల వరుస ఎలా నిర్ణయిస్తారో, సెలవు ఎంతో, ల్యాబు సమావేశం ఏ వేళకు ముగుస్తుందో ప్రతి గుంపూ రెండు పేజీల్లో రాసి చేరిన మొదటి రోజే చేతిలో పెట్టాలి. సాయంత్రం ఏడు గంటలకు సమావేశం పెట్టే గుంపులు పసిబిడ్డలున్నవాళ్లనూ, దూరం నుంచి వచ్చేవాళ్లనూ పరోక్షంగా బయట నిలబెడుతున్నాయి.

వేధింపుల విషయంలో మీ కమిటీ ఒక్కటే చేయాలి. ఎవరి దగ్గరకు వెళ్లాలో, రహస్యం ఎలా కాపాడతారో ప్రతి ల్యాబు గోడ మీదా స్పష్టంగా ఉండేలా చూడాలి. విచారణ మీరు చేయకండి. దానికి చట్టబద్ధమైన యంత్రాంగం ఉంటుంది, ఉండాలి.

పోస్టర్ల మాట. అంటించనివ్వండి, దాని మీద పోట్లాడి శక్తి పోగొట్టుకోవద్దు. ఒకరోజు శిక్షణ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజికశాస్త్రవేత్తలు అమెరికన్ కంపెనీల దశాబ్దాల లెక్కలు చూసి, తప్పనిసరి శిక్షణలతో పై స్థాయిల్లో వైవిధ్యం పెరగడం లేదనీ, కొన్నిచోట్ల తగ్గిందనీ చెప్పారు. మార్గదర్శకులను కేటాయించడం, ఫలితానికి ఎవరో ఒకరిని బాధ్యులను చేయడం బాగా పనిచేశాయి.

ఒక్క ఏడాదిలో ఏదైనా మారుతుందా అని అడిగారు. అధ్యాపకుల సంఖ్య మారదు, ఖాళీలు రావాలి కదా. మొదటి మూడు నెలలు కొలవండి. ఆ అంకెలను ఎవరినీ నిందించకుండా, ఒక్క విశేషణం కూడా లేకుండా అధ్యాపకుల ముందు పెట్టండి. తరువాత రెండు మూడు నియమాలే ఎంచుకోండి. నా ఎంపికైతే అవకాశాల బోర్డు, రెండో సలహాదారు, ముందే రాసిన ఎంపిక మార్కులు. వాటిని ఓటుకు పెట్టించండి. ఏడాది చివర అవే కొలతలు మళ్లీ తీయండి. మీ తరువాత కన్వీనర్ ఎవరైనా ఆ పని ఆగకుండా, అది విభాగం వార్షిక నివేదికలో ఒక భాగం కావాలని ఇప్పుడే రాయించండి.

ఇక ఆ అమ్మాయి. మీరు గుచ్చి అడగకపోవడం తప్పేమీ కాదు. కానీ మూడు నెలలే అయింది, ఇంకా ఆలస్యం కాలేదు. ఈ వారంలో ఒకసారి ఫోను చేయండి. తిరిగి రమ్మని అడగకండి, అది తన నిర్ణయం. విభాగం తరఫున కాక మీ తరఫున, ఆమె ఎలా ఉందో కనుక్కోండి. ఇష్టమైతే ఎక్కడ ఏం జరిగిందో చెప్పమనండి, చెప్పినది ఆమె అనుమతి లేకుండా ఏ కాగితం మీదకూ రాదని మాట ఇవ్వండి. ఒకవేళ ఆమెకు తిరిగి రావాలని ఉంటే, దానికి నియమం ప్రకారం దారి ఏమిటో, గడువు ఎంతో ఫోను చేయకముందే ఆఫీసులో కనుక్కుని ఉంచుకోండి. అడిగితే అక్కడికక్కడే చెప్పగలగాలి.